ఓడకొయ్య నుండి బొద్దింక మీసము వఱకు

బొద్దింక తలమీద నిరంతరము కదలాడుచుండు రెండు సన్నని తంతువులను తెలుగు పల్లెలలో మీసములందురు. జంతుశాస్త్రమును తెలుగున చదువుకొన్న విద్యార్థి వానిని స్పర్శశృంగములనును. ఆంగ్లమున చదివినవాడు యాంటెన్నా యనును. వస్తువు ఒక్కటియే. మొదటివాడు దానిని వెండ్రుకగా చూచినాడు. రెండవవాడు కొమ్ముగా చూచినాడు. మూడవవాడు మాత్రము, తానెఱుగకయే, ఓడమీద తెరచాపను వ్రేలాడగట్టు అడ్డుకొయ్య పేరు పలుకుచున్నాడు. బొద్దింకకును ఓడకును ఈ చుట్టరికమెట్లు కలిగినదో విచారించినచో, ఆంగ్లభాషలో పురుగుల అవయవములకును ఇతర జంతువుల అవయవములకును పేర్లు ఏర్పడిన రీతి చాలవఱకు బోధపడును. ఆ పేర్లలో జంతువులకంటె వానిని చూచిన మనుష్యులే ఎక్కువగా కనబడుదురు.

కథ గ్రీకు దేశమున మొదలగును. క్రీ.పూ. 4వ శతాబ్దిలో అరిస్టాటిల్ జంతువులను గూర్చి వ్రాసిన గ్రంథములో పురుగుల తలమీది తంతువులను ‘కెరైయా’ అను మాటతో పేర్కొనెను. ఆ మాటకు మూలము కొమ్ము అను అర్థముగల ‘కెరస్’. అయితే గ్రీకు నావికుల వాడుకలో కెరైయా అనగా ఓడస్తంభమునకు అడ్డముగా కట్టిన కొయ్య కూడ. స్తంభమునకు ఇరుప్రక్కల కొమ్ములవలె చాచుకొని యుండునది గదా! 15వ శతాబ్దిలో థెస్సలొనికి నుండి ఇటలీకి వచ్చి స్థిరపడిన థియొడోర్ గాజా అను గ్రీకు పండితుడు అరిస్టాటిల్ జంతుగ్రంథములను లాటినులోనికి అనువదించెను. ఆ అనువాదము 1476లో వెనిసు నగరమున అచ్చయినది. కెరైయా వచ్చినచోట గాజా కొమ్మునకు లాటినులోగల పదమును వదలి, ఓడకొయ్యను చెప్పు ‘అంటెన్నా’ను వాడెను.

ఒక పదమునకు రెండర్థములున్నప్పుడు అనువాదకుడు రెండవదానిని పట్టుకొన్న ఫలితమిది. దీనిని పొరపాటని త్రోసివేయుట న్యాయము కాదు. పొడవైన మీసములను ఇరువైపులకు చాచి కూర్చున్న పురుగును పైనుండి చూచినవారికి ఆ పోలిక అసహజముగ తోచదు. రేవులో నిలిచిన తెరచాప ఓడలను నిత్యము చూచు వెనిసు పాఠకునకు అసలే తోచదు. 17వ శతాబ్దిలో ఆంగ్లేయులు ఆ లాటిను మాటను ఉన్నదున్నట్లుగా తెచ్చుకొనిరి. కాని వారి నావికులు ఆ కొయ్యను ‘యార్డ్’ అనుచుండిరి. అందుచే ఆంగ్లపు యాంటెన్నాలో ఓడ మునిగిపోయి పురుగు మాత్రము మిగిలినది.

ఇంటికప్పుమీద నిలిపెడు యాంటెన్నా పురుగునుండి వచ్చినదని పలువురి నమ్మకము. అది సరికాదు. ఇటాలియను భాషలో అంటెన్నా అనగా పొడవైన గడ అను అర్థము ఎన్నడును పోలేదు. 1895లో మార్కొని తంతిలేని వార్తాప్రసార ప్రయోగములు మొదలిడినప్పుడు, తంతిని ఎత్తున నిలుపు గడకు గల ఆ పేరే క్రమముగా తంతికి సంక్రమించినది. అనగా పురుగు మీసమును రేడియో తంతియు తండ్రీకొడుకులు కావు. ఒక ఓడ దిగి వేఱువేఱు త్రోవలు పట్టిన అన్నదమ్ములు. ఆంగ్లేయులు నేటికిని బహువచనమున వీరిని కలియనీయరు. పురుగులకైనచో లాటిను పద్ధతిని యాంటెన్నీ, రేడియోలకైనచో స్వభాషా పద్ధతిని యాంటెన్నాస్.

తెలుగు పాఠ్యగ్రంథములలోని స్పర్శశృంగము ఈ ఓడప్రయాణమును దాటివేసి తిరిగి అరిస్టాటిల్ కొమ్మునే చేరినది. సంస్కృతపు శృంగము, గ్రీకు కెరస్, లాటిను కోర్ను, ఆంగ్లపు హార్న్ – ఈ నాలుగును ఒక మూలమునుండి పుట్టినవేయని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. అయినను ‘స్పర్శ’ అను విశేషణము వద్ద చిక్కు కలదు. పట్టుపురుగు జాతి మగ రెక్కలపురుగు ఆడుదానిజాడను కనుగొనునది ఈ మీసములతోనే, అదియు వాసనచేత. ఆ వాసనద్రవ్యమును 1959లో బుటెనాండ్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు వేఱుచేసి బాంబికాల్ అని పేరిడెను. మగదోమ ఆడుదోమ రెక్కల రొదను వినునదియు వీనితోనే. అందలి శ్రవణాంగమును 1855లో క్రిస్టఫర్ జాన్‌స్టన్ వర్ణించెను. కావున ఈ తంతువు చేయియు, ముక్కును, చెవియు కూడ. ఆంగ్లమున సామాన్యులు వాడు ‘ఫీలర్’ అను మాటకును స్పర్శశృంగమునకు గల లోపమే కలదు. తడవునది అను అర్థము దానిది. అర్థము చచ్చిపోయిన యాంటెన్నా ఏ ఇంద్రియమునకును కట్టుబడక, శాస్త్రము ఎంత మాఱినను తాను మాఱనక్కఱలేక నిలిచినది. పేరులోని ప్రాణము పోవుట కూడ ఒక్కొక్కప్పుడు మేలే.

ఓడ తరువాత ఈ పదజాలమున ఎక్కువగా కనబడునది యుద్ధభూమి. పురుగు నడుమును ‘థోరాక్స్’ అందురు. గ్రీకు వీరుడు రొమ్మున ధరించు కవచము పేరది. గట్టి పైరెక్కలుగల పెంకుపురుగులలో ఆ రెక్కలు ‘ఎలిట్రా’, అనగా తొడుగు. ఆ పురుగుల గణమునకు శాస్త్రము పెట్టిన పేరులో మఱల ‘కోలియాన్’ అను ఒర వచ్చినది. ఒరలో కత్తివలె మెత్తని రెక్క లోన దాగియుండును. పైపెంకునందలి పదార్థము ‘కైటిన్’. దానికి మూలమైన ‘కిటోన్’ గ్రీకులు తొడుగుకొను అంగీ. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో మిన్నల్లిని చూచి, పెద్ద చిత్రపటముగా గీయించి, తన ‘మైక్రోగ్రాఫియా’లో దానిని నల్లని కవచము తొడిగిన యోధునిగా వర్ణించెను. ఈ పోలికలు పొగడ్తలు కావు, వాస్తవమునకు దగ్గరైనవి. మనుష్యునకు ఎముక లోపల, కండ వెలుపల. పురుగునకు కండ లోపల, గట్టిదనమంతయు వెలుపల. అట్టి దేహమును చూచినవానికి ఆయుధశాల జ్ఞప్తికి వచ్చుటలో వింత లేదు. ఇక పురుగులకు ఆంగ్లమున గల సామాన్యనామమే ‘ఇన్‌సెక్ట్’, గంట్లు పెట్టబడినది అని లాటినర్థము. అరిస్టాటిల్ వాడిన ‘ఎంటొమోన్’ అను మాటకు అది అనువాదము. ఆంగ్లములోనికి 17వ శతాబ్ది ఆరంభమున చేరినది.

కాలివద్దకు వచ్చునప్పటికి పేరు పెట్టినవారు కవచమును మఱచి మానవశరీరమును ముందుంచుకొనిరి. పురుగు కాలిలో ప్రధానముగా అయిదు భాగములు: కాక్సా, ట్రోకాంటర్, ఫీమర్, టిబియా, టార్సస్. వైద్యవిద్యార్థులకు ఇవి పరిచితములే. కాక్సా తుంటి, ఫీమర్ తొడ, టిబియా మోకాలిక్రింది పెద్ద ఎముక, టార్సస్ మడమవద్ది ఎముకల సముదాయము. ఎముకయే లేని జీవికి ఎముకల పేర్లు! ఇందులో ట్రోకాంటర్ మఱియు తికమక. మనుష్యులలో అది తొడయెముక పైకొనవద్ద నుండు బొడిపె మాత్రమే. పురుగులో విడిగా ఒక కణుపు. పేరు కలిసినంతమాత్రమున చుట్టరికము కలుగదని విద్యార్థికి మొదటనే చెప్పనిచో, బొద్దింక తొడలో ఎముకను వెదకును. పేర్లను అరువు తెచ్చుకొనుటలో గల అపాయమిది. ఆంగ్లమున చదువువానికిని ఇది తప్పలేదు.

అయినను ఈ కాలిపేర్లలో ఒక వినోదము దాగియున్నది. లాటినులో టిబియా అనగా పిల్లనగ్రోవి కూడ. కీచురాయి తన చెవిని తలపై గాక ముంగాలి టిబియాపై ధరించును. ఆ చెవిపొరను ఆంగ్లమున ‘టింపనమ్’ అందురు. అది డప్పు పేరు. తెలుగువారు మనుష్యుని చెవిలోని పొరను కర్ణభేరి యనుటయు ఈ ఊహయే. తేనెటీగ వెనుకకాలి టిబియాపై పుప్పొడి నింపుకొను పల్లమును ‘కార్బిక్యులా’ యందురు, అనగా చిన్నబుట్ట. కాగా ఒకపురుగు పిల్లనగ్రోవిమీద డప్పును, మఱియొకటి పిల్లనగ్రోవిమీద బుట్టను మోయుచున్నవి.

ఈగకు రెక్కలు రెండే. వెనుక రెండు రెక్కలుండవలసినచోట చిన్న గుండ్రని తలలుగల రెండు పుల్లలుండును. వానికి ‘హాల్టియర్లు’ అని పేరు. ప్రాచీన గ్రీకు క్రీడాకారులు పొడవుదూకు పందెములో రెండు చేతులతోను పట్టుకొను బరువుల పేరది. ఎగురుచున్నప్పుడు ఇవి వేగముగా కంపించుచు, దేహము ఏ ప్రక్కకు ఒరిగినను ఆ మార్పును ఈగకు తెలుపును. 18వ శతాబ్ది ఆరంభముననే ఆంగ్లదేశపు మతాచార్యుడు విలియం డెర్హమ్ వీనిని తొలగించి చూచి ఈగ సరిగా ఎగురలేకపోవుటను గమనించెను. ఆంగ్ల గ్రామ్యమున వీనికి ‘పాయిజర్’ అను మాట యుండెడిది. తూకము నిలుపునది అని అర్థము. అది చక్కని మాట. శాస్త్రము దానిని వాడుకలో ఉంచలేదు.

ఇట్లు ఆంగ్లమున జంతువు దేహమునకు రెండంతస్తుల పదజాలమేర్పడినది. క్రిందియంతస్తులో వింగ్, లెగ్, స్టింగ్, ఫీలర్, పాయిజర్ వంటి ఇంటిమాటలు. పైయంతస్తులో గ్రీకు లాటిను పదములు. విలియం కర్బీ అను మతాచార్యుడును, విలియం స్పెన్స్ అను ఆయన మిత్రుడును 1815 నుండి 1826 వఱకు నాలుగు సంపుటములుగా ప్రకటించిన కీటకశాస్త్ర గ్రంథము లేఖల రూపమున సాగును. అందు తేనెటీగల కాపురము, చీమల కష్టము వర్ణించు లేఖలు ఏ గృహస్థుడైనను చదివి ఆనందింపదగినవి. అవయవములను విభజించు చోటికి వచ్చునప్పటికి పైయంతస్తు భాష తప్పలేదు. ఆంగ్లేయబాలునకు థోరాక్స్ అనగా కవచము కనబడదు, ప్యూపా అనగా బొమ్మ కనబడదు. లాటినులో ప్యూపా చిన్నబాలికకును, బొమ్మకును పేరు. గూటిలో కదలక పరుండిన పురుగునకు లిన్నేయస్ ఆ పేరిడెను. ఆ మాటకే అల్పార్థమైన ‘పూపిల్లా’ నుండి కంటి నడుమ నల్లనిచుక్కకు ‘ప్యూపిల్’ అను మాట వచ్చినది. ఎదుటివాని కంటిలో చూచినచో తన ప్రతిబింబము చిన్నబొమ్మవలె కనబడును గదా. తెలుగున అది కంటిపాప. ఆంగ్లేయుడు మూడు భాషల నిఘంటువులు తిరుగవేసి తెలిసికొను ఊహ ఇక్కడ చదువురాని తల్లి నోట నున్నది.

పెద్దజంతువుల విషయమున పండితులకంటె వేటగాండ్రును, గుఱ్ఱపురౌతులును ముందు. 1486లో సెయింట్ ఆల్బన్స్ పట్టణమున అచ్చయిన పుస్తకమొకటి డేగవేట, మృగముల వేట, వంశచిహ్నములు అను మూడింటిని బోధించును. ప్రభువంశీయుడు నేర్వవలసినది వేటయే కాదు, వేటభాష కూడ. ఆ పరిభాషలో డేగ రెక్కలు ‘సెయిల్స్’, మఱల ఓడ తెరచాపలే, రొమ్ముమీది ఈకలు ‘మెయిల్’, మఱల కవచమే, తోక ‘ట్రెయిన్’, గోళ్లు ‘పౌన్సెస్’. హఠాత్తుగా పైబడుటకు ఆంగ్లమున నేడు వాడు ‘పౌన్స్’ అను క్రియ ఈ గోటినుండియే పుట్టినది. నక్క తోకను తోకయనరాదు, ‘బ్రష్’ అనవలెను, కుందేటిది ‘స్కట్’. తోకను తోకయన్నవాడు ఆ గుంపులోనివాడు కాడని వెంటనే తెలిసిపోవును. పేర్లు ఇక్కడ జంతువును గుర్తించుటకు గాక మనిషిని గుర్తించుటకు పనికివచ్చినవి.

గుఱ్ఱపు దేహమునందైతే అంగుళమంగుళమునకు ఒక పేరు. మెడ వీపుతో కలియు ఎత్తైన చోటు ‘విదర్స్’. గుఱ్ఱపు ఎత్తును అచ్చటికే కొలుతురు, నాలుగంగుళముల ‘చేతుల’ లెక్కన. గిట్ట అడుగున నుండు మెత్తని త్రికోణభాగమును ‘ఫ్రాగ్’, అనగా కప్ప, అందురు. గిట్టకు పైన సన్ననిచోటు ‘పాస్టర్న్’. మేతకు విడిచిన గుఱ్ఱము దూరము పోకుండ వేయు బంధము పేరు మొదట అది. క్రమముగా బంధము వేయు చోటికే పేరైనది. తెలుగున ముందరికాళ్లకు బంధమను పలుకుబడి నెఱిగినవారికి ఈ పరిణామము వివరింప నక్కఱలేదు. 1755లో వెలువడిన తన మహానిఘంటువులో శామ్యూల్ జాన్సన్ ఈ పాస్టర్నును గుఱ్ఱపు మోకాలు అని వ్రాసెను. ఒక స్త్రీ ఆయనను, ఇట్లేల వ్రాసితిరని అడిగినదట. పండితుడు దీర్ఘమైన సమర్థన చెప్పునని ఆమె ఎదురుచూడగా, ఆయన అది కేవలము తన అజ్ఞానమేయని ఒక్కమాటతో తేల్చివేసెను. జీవితచరిత్రకారుడు బాస్వెల్ దీనిని వ్రాసియుంచెను. ఆంగ్లభాషనంతను నిఘంటువునకెక్కించిన మహానుభావునకు తెలియని మాట, లండను వీధులలో ఏ గుఱ్ఱపుసాయిసునకైనను తెలిసియుండును.

సాయిసునో పాములవానినో అడిగి వ్రాసికొన్నవారును లేకపోలేదు. అట్టివారిలో ఒకని త్రోవ తెలుగుదేశమునకు వచ్చినది. ఆంగ్లేయులు ఇచ్చటి త్రాచును ‘కోబ్రా’ అనుట పోర్చుగీసువారిని చూచి. ‘కోబ్రా ద కపెలో’ అనగా తలముసుగుగల పాము. ఆంగ్లమున దాని పడగకు నేటికిని ‘హుడ్’ అని, అనగా తలముసుగు అనియే పేరు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నుండిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణమున నివసించి, కోరమాండల్ తీరపు పాములను సేకరించి, 1796లో పెద్ద సచిత్రగ్రంథము ప్రకటించెను. ఆయన ప్రతిపామునకు స్థానికులు చెప్పిన పేరును తనకు వినబడినట్లు ఆంగ్లలిపిలో వ్రాసెను. నేడు ఆంగ్లమున ఆయన పేరుమీదనే చెలామణియగు రక్తపింజరకు ఆయన వ్రాసికొన్న తెలుగుపేరు ‘కాటుకరేకుల పొడ’. ఆ పాము వీపుమీది మచ్చలను అంతకంటె స్వల్పాక్షరములతో చూపు పేరు ఏ శాస్త్రభాషలోను లేదు. ఆయన వ్రాసిన ‘బంగారు పాము’ నుండి కట్లపాముల ప్రజాతికి ‘బంగారస్’ అను అంతర్జాతీయనామమే ఏర్పడినది. లాటిను వేషము వేసికొన్న తెలుగుమాట అది.

తెలుగున జంతుదేహమును చెప్పు మాటలు తక్కువ కావు. ఎద్దునకు మూపురము, గంగడోలు, గిట్ట, ఆవునకు పొదుగు, పందికి ముట్టె, గుఱ్ఱమునకు జూలు, పామునకు పడగ, కోఱ, కుబుసము, చేపకు మొప్ప, పొలుసు, తేలునకు కొండి, నెమలికి పింఛము. ఏనుగునకును, సీతాకోకచిలుకకును, దోమకును తొండమే. ఆంగ్లపు ‘ప్రొబోసిస్’ కూడ అట్లే మూడింటికిని చెల్లును. పులి పంజా పారశీకమునుండి వచ్చినది, అయిదు అను సంఖ్యలోనుండి. ఈ మాటలను పెట్టినవారు నావికులు కారు, యోధులు కారు. రైతులు, గొల్లలు, బెస్తలు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఉన్నతవిద్యా గ్రంథములను తెలుగున వెలువరింప పూనుకొన్నది. జంతుశాస్త్ర పరిభాషలో మాండిబుల్ హనువైనది, మాక్సిల్లా జంభికయైనది, యాంటెన్నా స్పర్శశృంగమైనది. తత్సమములు లేక శాస్త్రము నడువదన్నది నిజమే. లేబ్రమ్, లేబియమ్ రెండును లాటినులో పెదవియే. శాస్త్రజ్ఞులు పైదానికొకటి, క్రిందిదానికొకటి పంచిపెట్టిరి. అధరమను మాటకు వ్యుత్పత్తిచేతనే క్రిందిది అని అర్థము గనుక ఆ పంపకము సంస్కృతమున మఱింత సులువు. కాని తొండము, మొప్ప, పొలుసు పాఠములలో నిలువగలిగినప్పుడు మీసము మాత్రము నవ్వులాటయెట్లైనదో తెలియదు. మీసము నిజమైన మీసము కాదను ఆక్షేపణ చెల్లదు. యాంటెన్నా నిజమైన ఓడకొయ్యయా?

పల్లెమాటలను పట్టుకొను ప్రయత్నము జరుగకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము, వ్యవసాయ పదములతో, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున వెలువడినది. ఆ మాటలు నిఘంటువులనుండి తెచ్చినవి కావు, జిల్లాలలో రైతులనడిగి సేకరించినవి. ట్రాక్టరు వచ్చినపిమ్మట ఎద్దును చూచుట తగ్గినది, ఎద్దు అవయవముల పేర్లు పలుకుట అంతకంటె తగ్గినది. మోటారు వచ్చినపిమ్మట ఆంగ్లేయులకు విదర్స్, పాస్టర్న్ అట్లే దూరమైనవి. ఒంగోలు గిత్తను వర్ణించు ఆంగ్ల గ్రంథములలో గంగడోలును ‘డ్యూలాప్’ అని వ్రాయుదురు. ల్యాప్ అనగా వ్రేలాడు మడత, డ్యూ అనగా మంచు. తెల్లవాఱుజామున మేయు పశువు మెడక్రింద వ్రేలాడుచు పచ్చికమీది మంచును తుడుచుకొనిపోవునది గనుక ఆ పేరని అచ్చటి జనులు చెప్పుకొందురు. తెలుగువాడు అదే తోలుమడతను చూచి పలికిన మాటలో గంగ యున్నది.